మిస్ రీటా, హైదరాబాద్

నేను వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. చుట్టూ ఇన్ని రైసు మిల్లులున్న మిర్యాలగూడలో ఉంటూ కూడా మా ఇంటి బియ్యంలో ఇన్ని రాళ్ళెందుకుంటాయో నాకెప్పుడూ అర్థం కాలేదు. మంచివన్నీ బయటి ఊళ్ళకు పోతాయని అమ్మ అంటుంది. అరుగు మీద మా అన్న ప్రభాకర్ కాళ్ళు బారజాపుకుని, గ్రూవ్ అంటే ఏమిటో నాకు చెబుతున్నాడు.

"గ్రూవ్ అంటే చెవులతోని వినేది కాదు. నడుముకు తెల్వాలె. దెబ్బ పడాల్సిన కాడ పడొద్దు, జర వెనకకు పడాలె. అర్థమైతుందా?"

"అయితుంది" అన్నాను. ఒక రాయి దొరికింది.

"ఫంక్ వేరే. సోల్ ఇంకా వేరే. సోల్ అంటే ఆత్మ. గీ మూడిటిని రాక్‌ల కలిపితే గప్పుడు ఆల్బమ్ అయితది."

వంటింట్లోంచి అమ్మ అడిగింది. "నీ నడుముకు రెండు బిందెల నీళ్ళు మోసుడు ఎప్పుడు తెలుస్తదిరా?"

గొప్ప సంగీతకారులకు ఇంట్లోవాళ్ళతో ఎప్పుడూ ఇదే కష్టం.

అది తొంభై మూడో సంవత్సరం. అన్న డిగ్రీ ఒక్క సబ్జెక్టులో ఆగి మూడేళ్ళయింది. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు అన్నకు మూడు విదేశీ క్యాసెట్లు ఇచ్చాడు. వాటి మీద కాగితాలు చిరిగిపోయాయి కాబట్టి పాడింది ఎవరో అన్నకు తెలియదు. తెలియకపోవడం వల్ల గౌరవం ఇంకా పెరిగింది. ఆ తర్వాత ఎక్కడినుంచో పాత బేస్ గిటారు ఒకటి తెచ్చాడు. దానికి నాలుగే తీగలుంటాయి. పెళ్ళిళ్ళలో వాయించేటప్పుడు పెద్దవాళ్ళు దగ్గరికి వచ్చి జాలిగా చూసేవాళ్ళు. "రెండు తీగలు తెగినట్టున్నయ్ బిడ్డా, ఏయించుకోరాదు?" అనేవాళ్ళు. మొదట్లో అన్న ఓపికగా బేస్ గిటారు గురించి వివరించేవాడు. తర్వాత తర్వాత "రేపు ఏయిస్త తాతా" అనడం నేర్చుకున్నాడు.

గ్రూపులో ముగ్గురు. రెండోవాడు లింగన్న. సూర్యాపేట బస్టాండు పక్కన టేప్‌రికార్డర్లు బాగుచేసే డబ్బా కొట్టు అతనిది. అతని దగ్గర చిన్న క్యాసియో కీబోర్డు ఉంది. మూడోవాడు గేమ్యా. పాలకీడు దగ్గరి తండా నుంచి వచ్చి ఇక్కడి మిల్లులో బస్తాలు మోస్తాడు, డ్రమ్స్ వాయిస్తాడు. ముగ్గురూ పెళ్ళిళ్ళలో సినిమా పాటలు వాయించి బతికేవాళ్ళు. ఇప్పుడు సినిమా పాటలు హీనమైనవని అన్న తేల్చాడు. సొంత పాటలతో ఆల్బమ్ చేస్తామన్నాడు. దాని పేరు 'మిడ్‌నైట్ మిర్యాలగూడ'. ముగ్గురిలో ఎవరూ రాత్రి పదింటి తర్వాత మేలుకుని ఉన్న దాఖలా లేదు.

రికార్డింగుకు మిల్లు గోదాము కుదిరింది. స్టూడియో గోడలకు మెత్తలు అతికిస్తారని అన్న ఎక్కడో చదివాడు. గోదాములో గోడల ఎత్తున వడ్ల బస్తాలుంటాయి, అవీ మెత్తలే కదా అన్నాడు. ఆదివారం మిల్లు బంద్ ఉంటుంది. చర్చిలో ఆరాధన అయిపోయాక అక్కడి మైకును అరువు తెచ్చారు. లింగన్న రెండు క్యాసెట్లు పట్టే డెక్కు తెచ్చాడు. బస్తాల వల్ల మోత నిజంగానే తగ్గింది. కాకపోతే దుమ్ము లేచింది. మొదటి ఏడు పాటల్లోనూ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు తుమ్ముతారు. అది కూడా గ్రూవేనని కొన్నవాళ్ళకు తర్వాత చెప్పారు.

ఆ ఏడు పాటలూ అన్నే రాసి, అన్నే పాడాడు. ఒకదాంట్లో 'నీ కళ్ళు కరెంటు' అని వస్తుంది. ఆ పాటను మూడుసార్లు మొదలుపెట్టారు. మూడుసార్లూ కరెంటు పోయింది.

నేను సద్ది పట్టుకుని గోదాముకు వెళ్ళేదాన్ని. గేమ్యా అక్క సాలి కూడా అక్కడే ఉండేది. ముప్పై ఏళ్ళుంటాయి. మిల్లులో నేల మీద పడ్డ నూకలూ వడ్లూ ఊడ్చి, చాటతో చెరిగి, మళ్ళీ బస్తాకెత్తడం ఆమె పని, మిల్లు బంద్ ఉన్న రోజున కూడా. ఆమె నోరు ఒక్క నిమిషం ఊరుకోదు. ఎవరూ లేకపోతే చీపురుతో మాట్లాడుతుంది. మాట్లాడటానికి ఏమీ లేకపోతే పాడుతుంది. "జరసేపు చప్పుడు బంద్ చెయ్యి సాలమ్మా, ఈడ సంగీతం నడుస్తున్నది" అని అన్న రోజుకు పదిసార్లు అరిచేవాడు.

"నడవనియ్యి అన్నా. నేనేమన్న కాళ్ళు పట్టుకున్ననా దానివి?" అనేది సాలి.

మూడో ఆదివారం ఎనిమిదో పాట కుదరక అన్నా, లింగన్నా మిరపకాయ బజ్జీలు తినడానికి ఎదురు హోటలుకు వెళ్ళారు. వెళ్ళేముందు డెక్కు ఆపడం లింగన్న మరిచిపోయాడు. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. నేను చూశాను. నాకెవరూ డెక్కు సంగతి అప్పగించలేదు కాబట్టి ఊరుకున్నాను.

సాలి చాట అందుకుంది. మూడుసార్లు ఎగరేసి, నాలుగోసారి చాట అంచు మీద వేళ్ళతో ఒక దెబ్బ వేస్తుంది. ఆ దెబ్బ పడాల్సిన చోట పడదు. ఊక ఎగిరిపోయేదాకా ఆగి, కొంచెం వెనకకు పడుతుంది. చెరుగుతూ పాట ఎత్తుకుంది. అది లంబాడీ పాట. పాలివ్వకుండా తన్నే బర్రెను, దాన్ని అమ్మినవాణ్ణి, వాడి ఇంటివాళ్ళందరినీ వరసపెట్టి తిట్టే పాట. గేమ్యా డ్రమ్ముల ముందు ఊరికే కూర్చున్నవాడు, చాట వెంబడి మెల్లగా కర్రలు కదిలించాడు. రెండు నిమిషాల్లో చాట ఏదో డ్రమ్ము ఏదో తెలియకుండా అయింది. అన్న మూడు వారాలుగా చెబుతున్నది నా నడుముకు అప్పుడు అర్థమైంది.

అన్న తిరిగొచ్చి టేపు వెనక్కి తిప్పి విన్నాడు. మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాడు. తర్వాత "నేను మొదటి సంది చెప్తున్నది గిదే గదా" అన్నాడు. ఆ టేపును డెక్కు ఒక అరలో వేసి, దాని వెంట అన్న బేస్ వాయిస్తుంటే రెండో అరలోని కొత్త క్యాసెట్‌కు ఎక్కించారు. బేస్ ఆ చాట దెబ్బకు అతకడానికి ఒక పూట పట్టింది. అతికాక మాత్రం, నిజం చెప్పాలి, చాలా బాగుంది.

క్యాసెట్ పెట్టెలో పెట్టే కాగితం నేనే రాశాను. నేను ఊరి బడిలో చదివాను. అక్కడ మాకు వేరే ఏమీ చెప్పకపోయినా, గుండ్రంగా రాయడం మాత్రం కొట్టి మరీ నేర్పారు. అన్న చెబుతుంటే రాశాను. సంగీతం ప్రభాకర్. సాహిత్యం ప్రభాకర్. బేస్ గిటార్, దర్శకత్వం, పర్యవేక్షణ ప్రభాకర్. లింగన్న, గేమ్యా పేర్లు కింద చిన్నగా. ఎనిమిదో పాట దగ్గర ఆగాను.

"ఎనిమిదోది, గానం?" అని అడిగాను.

"సాలి" అన్నాడు గేమ్యా.

"సాలి అంటే ఎవడు కొంటడురా?" అన్నాడు అన్న. "మిల్లుల చాట పట్టేటామె పాడిందంటే ఆల్బమ్ ఇజ్జత్ ఏంగావాలె? మనది ఫంకు, సోలు."

"సినిమాలోల్ల పేరు లెక్క ఉండాలె" అన్నాడు లింగన్న. "రీటా. మిస్ రీటా. పక్కన హైదరాబాద్ అని పెట్టు, వజనుంటది."

"బర్రెను తిట్టేటామెకు మిస్సా?" అంది అమ్మ వంటింట్లోంచి. "దానికిద్దరు పిల్లలు."

అన్న గేమ్యా వైపు చూశాడు. గేమ్యా డ్రమ్ము కర్రల కొనలు పరీక్షగా చూసుకున్నాడు. "మీ ఇష్టమన్నా" అన్నాడు. నేను రాశాను. గుండ్రంగా, అందంగా, మిస్ రీటా, హైదరాబాద్.

సూర్యాపేటలో ఆ కాగితాన్ని రెండు వందలు జిరాక్సు తీశారు. లింగన్న తన డబ్బాలో పొద్దంతా క్యాసెట్ వేసేవాడు. మొదటి ఏడు పాటలూ ఎవరూ పట్టించుకోలేదు. తుమ్ముల దగ్గర మాత్రం కొందరు తిరిగి చూసేవాళ్ళు. ఎనిమిదో పాటకు కోదాడ బస్సు డ్రైవరు ఒకాయన బస్సు దిగి వచ్చి, క్యాసెట్ తీసుకుపోయాడు. ఆ వారం మరో నలుగురు డ్రైవర్లు వచ్చారు. బస్సుల వెంట పాట కోదాడ చేరింది. అక్కడ కొందరు అది హిందీ అన్నారట. ఒక లెక్చరరు మాత్రం కాదు కాదు, ప్రియుడి కోసం ఎదురుచూసే ఎడారి స్త్రీ ఆవేదన అని వివరించాడట. బర్రె సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అన్న కూడా చెప్పలేదు. ఆ ఆవేదన తనదేనని ఒప్పుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఒకరోజు సాలి మా ఇంటికి వచ్చింది. కొంగులో చుట్టుకున్న క్యాసెట్ తీసి నా ముందు పెట్టింది.

"చెల్లే, నువ్వే రాసినవంట గదా. మా గేమ్యాగాడు ఒకటి తెచ్చిచ్చిండు. తండాల టేపుల ఏస్తే నా గొంతని ఒక్కరు నమ్ముతలేరు. మా అత్తయితే, నీ గొంతు టేపుల పడితే టేపు పలుగుతది అన్నది. నా పేరు ఏడున్నదో సూపియ్యి. గది సూపిచ్చి నోర్లు మూపిస్త."

అన్న అరుగు మీదనుంచి నా వైపు చూస్తున్నాడు. లేదు అని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా నాకు రాలేదు. ఎనిమిదో పాట కింద నేను రాసిన అక్షరాల మీద వేలు పెట్టాను.

"గింత పొడుగా?" అంది సాలి. "సాలి అని అంటే గింత పొట్టిగ ఉండాలె గదా?"

"ఊరి పేరు కూడా కలిపి రాసిన" అన్నాను.

అబద్ధం కాదు. హైదరాబాదు ఊరే.

"మంచిగైంది. లేకుంటే ఏ ఊరి సాలి అని మళ్ళ అడుగుతరు" అని సంతోషంగా వెళ్ళిపోయింది. "జూసినవా, మనోళ్ళు ఎంత అమాయకులు" అన్నాడు అన్న. అందులో అతని పాత్ర ఏమీ లేనట్టే అన్నాడు. నేనూ అలాగే తలూపాను.

నెల తర్వాత ఒక గురువారం పొద్దున కోదాడ నుంచి అచ్చయ్య అనే ఆయన వచ్చాడు. అక్కడి ఒక యువజన సంఘానికి కార్యదర్శి. తెల్ల చొక్కా, చంకలో చుట్టిన కాగితాలు. ఆదివారం జరిగే తమ వార్షికోత్సవంలో గ్రూపు వాయించాలని ఉత్తరం రాసింది ఆయనే. పెళ్ళి పందిట్లో కాకుండా, కుర్చీలేసుకుని కూర్చునే జనం ముందు అన్నవాళ్ళకు అదే మొదటి పిలుపు. అన్న నెల రోజులుగా నిద్రలో కూడా కోదాడ అంటున్నాడు. ఆ కార్యక్రమం బాగా జరిగితే ఇక పెళ్ళిళ్ళకు వాయించేది లేదని చెప్పి, రెండు పెళ్ళిళ్ళు వద్దనుకున్నాడు కూడా.

అచ్చయ్య పోస్టరు విప్పి నేల మీద పరిచాడు. 'కోదాడలో తొలిసారిగా మిస్ రీటా' అని పెద్ద అక్షరాలు. పక్కన ఖాళీగా ఒక గుండ్రటి చోటు. అన్న పేరు వెతకడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

"ఆ గుండ్రంలో అమ్మాయి ఫొటో పెట్టాలండీ" అన్నాడు అచ్చయ్య.

"రీటాగారు ఫొటో ఇయ్యరు" అన్నాడు అన్న. "జనం ముందుకు కూడ రారు. తెర వెనకనుంచే పాడ్తరు. అది ఆమె స్టైల్."

"తెర వెనకంటే మావాళ్ళు ఊరుకోరండీ. క్యాసెట్ వేసి మోసం చేశారంటారు. కిందటేడు ఒకాయన అట్లాగే చేస్తే అరవై కుర్చీలు విరిగాయి. మనిషిని చూపించండి. లేదంటే ప్రోగ్రామే వద్దు, నేనిప్పుడే తిరుగు బస్సెక్కుతాను."

అన్న లింగన్న వైపు చూశాడు. పొద్దున్నే వచ్చి కూర్చున్న లింగన్న క్యాసియో మీద దుమ్ము తుడవసాగాడు. సరిగ్గా అప్పుడే ప్రాక్టీసు కోసం గేమ్యా తన అక్కను వెంటబెట్టుకుని వచ్చాడు.

"చెల్లే, ముందు మంచినీళ్ళియ్యి" అంటూనే లోపలికొచ్చింది సాలి. "బస్సుల నిలబడి నిలబడి కాళ్ళు గుంజుతున్నయ్. ఓ అన్నా, కోదాడల పాడెటప్పుడు చాట ఇస్తరా, ఇంటికాడిది పట్కరావాల్నా? ఊరోల్ల చాట నా చేతికి పడది." కొత్త మనిషిని చూసి ఒక్క క్షణం ఆగింది. "గీ సారెవరు?"

"కోదాడ సారు" అన్నాడు గేమ్యా మెల్లగా.

"అయితే సార్‌కు సూపియ్యాలె" అని సాలి నవ్వింది. ఎప్పుడూ మోచేతిదాకా ఉండే గాజులు ఆ రోజు ఆమె ఎడమ చేతికి లేవు. ఓణీ పక్కకు జరిపి, చేయి ముందుకు చాపింది. మణికట్టు నుంచి మోచేయి దాకా పచ్చబొట్టు. ఇంకా సరిగా ఆరలేదు. అక్కడక్కడా చెక్కు కట్టి ఉంది.

"హాలియా అంగట్ల పొడిపిచ్చిన. మా అత్త కాగితం సింపి పొయ్యిల ఏసింది, నీ పేరు కాదు పో అని. గిది సింపమను ఇప్పుడు! పొడిసెటోడు మరాఠోడు, తెలుగు రాదు. ఇంకో కాగితం దెచ్చి ఆని ముందల పెట్టి, సూసి బొమ్మ లెక్క దించు అన్న. మొత్తం ఎయ్యాల్నా, నొస్తది అన్నడు. మొత్తం ఎయ్యి, ఒక్క అచ్చరం ఇడవకు అన్న. రెండొద్దులు జరమొచ్చింది."

అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. కామా కూడా ఉంది. అవి నా చేతిరాత.

అచ్చయ్య కళ్ళజోడు సర్దుకుని, వంగి, పైకి చదివాడు. "మిస్ రీటా, హైదరాబాద్." తర్వాత ముఖమంతా వెలిగిపోయింది. "ఇంతకన్నా రుజువేం కావాలండీ! చేతి మీదే ఉంది. ఈవిడేనా! మరి తెర ఎందుకండీ? ఈ బట్టలు మార్చి ఒక మంచి చీర కట్టిస్తే సరిపోతుంది. ఫొటో ఇప్పుడే తీయిద్దాం."

అన్న గట్టిగా ఊపిరి వదిలాడు. "నేను మెల్లగ చెప్దామనుకున్న" అన్నాడు. అంతా తన పథకమే అన్నట్టు.

సాలి అచ్చయ్య వైపు, అన్న వైపు చూసింది. "రీటా ఎవలు?" అంది.

ఆమె చేయి నా వైపు తిప్పింది. "చెల్లే, నువ్వు సదువు."

"స్టేజీ పేరు సాలమ్మా, అందరికుంటది" అన్నాడు అన్న.

"నిన్నడగలె. చెల్లే, సదువు."

చదివాను. స్పష్టంగానే చదివాను.

"సాలి ఏడున్నది గందుల?"

"లేదు."

"ఊరి పేరంటివి?"

"హైదరాబాద్."

"నేనెన్నడు పోలె గాడికి." ఆమె గొంతు పెంచలేదు. గేమ్యా వైపు తిరిగింది. "నువ్వు ఏడో తరగతి దాక సదివినవ్ గదరా. జరమొస్తే గీ చేతికి నూనె రాసింది నువ్వే గదా."

గేమ్యా నేల చూపులు చూశాడు. "కోదాడ ప్రోగ్రాం అయినంక చెప్దామనుకున్న బాయీ" అన్నాడు. వాళ్ళ భాషలో అక్కను అలాగే పిలుస్తారు.

"మైకుల సాలి అని చెప్తరా?" అని అన్నను అడిగింది. "పోని, కాగితం మీద మళ్ళ రాస్తరా?"

"పోస్టర్లు సగం అచ్చయిపోయాయమ్మా" అన్నాడు అచ్చయ్య, నచ్చజెప్పే గొంతుతో. "సాలి అంటే ఎవరొస్తారు చెప్పు? రీటా అంటే కోదాడ కోదాడంతా వస్తుంది. నీ మంచికే."

"రెండో ఆల్బమ్ మీద రాస్తం" అన్నాడు అన్న. "పెద్దగ రాస్తం. నా పేరు కన్న పెద్దగ. సోల్ అంటే ఆత్మ సాలమ్మా, ఆత్మకు పేరేంది? గొంతు నీదే అని మాకెరుకే గదా. గదే అసలు సంగతి."

అమ్మ వంటింటి గడప దగ్గరకు వచ్చి నిలబడింది. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి సాలి ముందు పెట్టాను. పెట్టాక ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడ్డాను.

సాలి నీళ్ళు ముట్టలేదు. అన్న ఇంకా ఆత్మ గురించే చెబుతున్నాడు. ఆమె ఓణీ కొంగు ఎడమ చేతికి మోచేయి దాకా చుట్టుకుని, కొస లోపలికి దోపింది. పోస్టరు తొక్కకుండా పక్కనుంచి నడిచి గడప దాటింది. ఎవరితోనూ ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయింది.